తరంగ విహారము

సెలవుదినములకు యాత్ర తలపెట్టువారు సాధారణముగా బండివేళలను, బసను, వ్యయమును ముందు విచారింతురు. అలలపై పలకనెక్కి స్వారి చేయుట నేర్వదలచి ఒక దీవికి పోవువారు మాత్రము అన్నిటికంటె ముందు గాలిని విచారింపవలెను. గాలి అనుకూలింపనిచో ఎంత సొమ్ము వెచ్చించినను సముద్రుడు శిష్యునిగా అంగీకరింపడు.

సర్ఫింగ్ అని నేడు లోకము పిలుచు ఈ క్రీడ పసిఫిక్ దీవులలో పుట్టినది. హవాయి ప్రజలు దీనిని 'హెఎ నలు' అనిరి. అలపై జారుట యని అర్థము. రాజులు, సామాన్యులు, స్త్రీలు, పురుషులు అందరును దీని నభ్యసించిరి. 1779లో కెప్టెన్ కుక్ ఓడలతో అచటికి వచ్చిన లెఫ్టినెంటు జేమ్సు కింగ్ ఈ విద్యను చూచి అబ్బురపడి వ్రాసియుంచెను. 1912 స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో ఈతయందు స్వర్ణపతకము గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు దీనిని దేశాంతరములకు కొనిపోయెను. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినపుడు ఈ క్రీడకు వానియందు తొలిసారి చోటు దొరికినది.

మనకు హవాయి దూరము, సింహళము దాపు. చెన్నై నుండి కొలంబోకు విమానమున సుమారు గంటన్నర ప్రయాణము. ఆ దీవి విశేష మేమనగా, దాని రెండు తీరములకు రెండు వేర్వేరు ఋతువులు. జూన్ మాసమున మన పొలములకు తొలకరి తెచ్చు నైరుతి పవనమే సింహళపు నైరుతి తీరమున కడలిని కల్లోలపరచును. కావున అచటి వెలిగమ గ్రామమునకు నవంబరు మొదలు ఏప్రిల్ వరకు పోవుట మేలు. అదే నైరుతి పవనము తూర్పుతీరమును నేలమీదుగా చేరి, కడలివైపునకు వీచి, లేచుచున్న అలను కొంతసేపు విరుగనీయక నిలుపును. అందుచేత మే మొదలు సెప్టెంబరు వరకు తూర్పున ఆరుగం బే అనుచోటికి జనము పోవుదురు. నెల తప్పినవాడు తీరము మార్చుకొనవలెనే గాని గాలిని మార్చజాలడు.

సింహళ భాషలో 'వెలి' అనగా ఇసుక, 'గమ' అనగా గ్రామము. పేరునకు తగినట్లు అచటి అఖాతమున అడుగు ఇసుక. పడినను దెబ్బ స్వల్పము. తొలిపాఠమునకు తగిన చోటు. ఆరుగం బేలోని ప్రధాన స్థలమున అడుగున రాయి, పగడపు దిబ్బ ఉండుటచే అది కొంత నేర్చినవారికే తగును.

శిబిరములలో పాఠము ఒడ్డుననే ఆరంభమగును. పలకపై బోరగిల పండుకొని, అరచేతులు ఊని, ఒక్క ఊపున లేచి నిలుచుట మొదట ఇసుకపై సాధన చేయింతురు. పిమ్మట నడుములోతు నీటిలో, విరిగిన అలల నురుగుపై అభ్యాసము. పలక మెత్తనిదై, పొడవు ఎనిమిది తొమ్మిది అడుగులు ఉండుట ఆరంభకులకు మేలు. శిబిర మెంచుకొనువారు గదుల సొగసుకంటె, ఒక్కొక్క గురువునకు ఎందరు శిష్యులో, ఆ గురువు ప్రాణరక్షణ విద్య నేర్చినవాడో కాడో ముందు అడుగవలెను.

ఈత రానివారు ముందు ఈత నేర్వవలెను. ఒడ్డునుండి లోపలికి లాగు ప్రవాహమున చిక్కినవాడు దానికెదురీది అలసిపోరాదు. పలకను విడువక, చేయెత్తి సాయము కోరవలెను. ఈదగలిగినచో తీరమునకు సమాంతరముగా ఈది, లాగుడు తగ్గినపిమ్మట ఒడ్డునకు మరలవలెను. ఈ ఒక్క సంగతి ఎరుగకపోవుట ప్రాణాంతకము కావచ్చును.

మరియొక మాట. ఆ దక్షిణతీరమున నీటిలో నాటిన గుంజలపై కూర్చుండి చేపలు పట్టుట పూర్వవృత్తులలో ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరమును ముంచెత్తెను. బంధువులను, ఇండ్లను పోగొట్టుకొన్నవారు మరల ఆ కడలినే నమ్ముకొని బ్రతుకు కట్టుకొనిరి. మనకు విహారస్థలమైన నీరు వారికి పొలము. వారి వలలకును పడవలకును దారి విడుచుట అతిథిధర్మము.

వారము దినములు పోదలచినవారు మరి రెండు దినములు చేర్చుకొనుట మంచిది. అల రాని దినములు ఉండును; ఆ దినమున ఒడ్డున కూర్చుండి కడలిని చూచుటయు ఈ విద్యలో పాఠమే.