నంబరే పేరైన చేపలు
షింగు నది క్యాట్‌ఫిష్‌లలో ఏది ఏ జాతో తేలేలోపే నది మారిపోయింది

అరచేతి పొడవు కూడా ఉండదు. తెల్లటి ఒంటి మీద నల్లని చారలు. మూతి పక్కన ఆ చారలు కలిసి ఇంగ్లీషు 'ఇ' అక్షరంలా కనిపిస్తాయి. అక్వేరియం ప్రియులు జీబ్రా ప్లెకో అని ముచ్చటపడే ఈ చేప సొంతూరు బ్రెజిల్‌లోని షింగు నది. 1991లో దానికి హైపాన్సిస్ట్రస్ జీబ్రా అనే శాస్త్రీయ నామం దక్కింది. అంతకుముందు అది ఉత్త ఎల్46.

ఈ నంబర్ల పద్ధతి 1988లో జర్మనీలో మొదలైంది. ఒంటిపై ఎముక పలకలు, రాళ్లను పట్టుకునే నోరు ఉన్న దక్షిణ అమెరికా క్యాట్‌ఫిష్‌లు పెట్టెలకొద్దీ దిగుమతవుతుంటే, పేర్లు పెట్టే శాస్త్రవేత్తలు ఆ వేగాన్ని అందుకోలేకపోయారు. అమ్మేవాడికీ కొనేవాడికీ మాట కుదరాలి కదా! డాట్జ్ అనే అక్వేరియం పత్రిక ఒక్కో చేప ఫొటో వేసి, లోరికారిడే కుటుంబం తొలి అక్షరం 'ఎల్' పక్కన ఓ అంకె తగిలించింది. ఇప్పుడవి 500 దాటాయి. (మన చెరువుల్లో చేరి మత్స్యకారుల వలలు చింపుతున్న 'దెయ్యం చేప'దీ ఇదే కుటుంబం.)

అయితే నంబరు ఇచ్చింది ఫొటోకి, జాతికి కాదు. పసుపు చుక్కల గోల్డ్ నగెట్ చేపనే చూడండి. చుక్కల సైజును బట్టి 18, 85, 177 అని వేర్వేరు నంబర్లతో అమ్ముడైంది. అన్నీ ఒకటేనని 2011లో తేల్చి బారియాన్సిస్ట్రస్ శాంథెల్లస్ అని పేరు పెట్టారు.

జీబ్రా బంధువుల దగ్గర చిక్కు మరీ ఎక్కువ. ఒకే జాతిలో ఒకదానికి సన్నని మెలికల గీతలుంటే మరోదానికి వెడల్పాటి పట్టీలుంటాయి. అందుకే నిపుణులు రంగును మాత్రమే నమ్మరు. పళ్లు, శరీర కొలతలు, డీఎన్ఏ చూస్తారు. అన్నిటికన్నా ముందు ఏ నదిలో, ఏ చోట పట్టారో అడుగుతారు. దుకాణం తొట్టి మీద రాసి ఉండనిది సరిగ్గా అదే. పైగా తొట్టిలో ఈ జాతులు ఒకదానితో ఒకటి జతకడతాయి. ఆ పిల్లలను చూసి జాతి చెప్పడం దాదాపు అసాధ్యం.

ఇది కేవలం అభిరుచి గలవారి తగువు కాదు. 2022లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద నదిలో పట్టిన జీబ్రాల ఎగుమతి కోటాను సున్నా చేశారంటే, దానికో పేరుండబట్టే. ఉత్త నంబరుతో చట్టం తలుపు తట్టడం కష్టం. ఈలోగా నదే మారిపోయింది. 11,233 మెగావాట్ల బెలో మోంటే జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు 2011లో మొదలై 2019లో పూర్తయ్యాయి. వోల్టా గ్రాండే అనే సుమారు వంద కిలోమీటర్ల వంపు నుంచి నీటిలో అధిక భాగాన్ని అది కాలువలోకి మళ్లిస్తోంది. జీబ్రా సహజంగా బతికేది ఆ వంపులోని రాతి పగుళ్లలోనే.

2025లో మరో రెండు జాతులకు పేర్లు వచ్చాయి. ఎల్66, ఎల్333 సహా పలు నంబర్లు హైపాన్సిస్ట్రస్ సైడెలి అనే ఒక్క జాతిలో కలిసిపోయాయి. చుక్కల ఎల్174 హైపాన్సిస్ట్రస్ యుడ్జా అయింది. యుడ్జా అన్నది వోల్టా గ్రాండే ఒడ్డున చేపలు పట్టి బతికే ఆదివాసుల పేరు. వంపులోకి ఎంత నీరు వదలాలన్న దానిపై వాళ్లు డ్యామ్ యాజమాన్యంతో ఏళ్లుగా పోరాడుతున్నారు.