‘లేదు’ అని రాసే ముందు

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే నర్మెట్ట, జనగామ రోడ్ల మీద తెల్లవారుజామున పరుగులు మొదలవుతాయి. ప్రిలిమ్స్, ఈవెంట్స్, మెయిన్స్ అన్నీ దాటి సెలక్షన్ లిస్టులో పేరు చూసుకున్నాక ఇంకేముంది, ఊరంతా మిఠాయిలు పంచడమే అనుకుంటారు. కానీ అటెస్టేషన్ ఫారం ఇంకా మిగిలే ఉంటుంది. అది నింపి ఇస్తే స్పెషల్ బ్రాంచి వాళ్లు స్టేషన్ రికార్డులు తిరగేస్తారు, ఊళ్లో నలుగురిని అడుగుతారు. చేతిదాకా వచ్చిన ఉద్యోగం జారిపోయేది చాలాసార్లు ఇక్కడే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దనాన్న వాళ్లతో గెట్టు పంచాయితీ. మాటామాటా పెరిగి కట్టెలు లేచాయి. ఫిర్యాదు రాయించేటప్పుడు అవతలివాళ్లు తండ్రి పేరుతో ఊరుకోరు. హనుమకొండ హాస్టల్లో ఉండి చదువుకునే కొడుకు పేరూ చేరుస్తారు. చదువుకునే పిల్లగాడి మీద కేసు పడితే తండ్రి తొందరగా దిగొస్తాడని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పదు కూడా. రెండేళ్లకు లోక్ అదాలత్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టి బయటపడతారు. ‘రాజీ అయింది, కేసు పోయింది’ అని ఇంట్లో అందరూ మరిచిపోతారు. తర్వాత ఎప్పుడో ఫారంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, ఇప్పుడేమైనా పెండింగులో ఉందా? మూడు ప్రశ్నలు ఒకే గడిలో. పిల్లవాడు మూడోదానికి జవాబు మనసులో పెట్టుకుని మొత్తానికి ‘లేదు’ అని రాస్తాడు.

చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. రాజీ పడదగిన సెక్షన్ల కింద రాజీ అయితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. పాత సీఆర్‌పీసీ 320 సెక్షన్ అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 359వ సెక్షనూ అదే చెబుతోంది. అయితే విడుదలతో నేరం లేదని తేలుతుంది గానీ, కేసే నడవలేదని కాదు. ఫారం అడిగేది ఈ రెండో సంగతి.

దీని మీద సుప్రీంకోర్టు బెంచీలు చాలాకాలం తలోమాట చెప్పాయి. ఢిల్లీ పోలీసులో 1999లో హెడ్ కానిస్టేబుల్‌కు దరఖాస్తు పెట్టుకున్న సందీప్ కుమార్‌ది దాదాపు మన గెట్టు పంచాయితీ లాంటి కథే. రాజీ అయిపోయిన కొట్లాట కేసును దరఖాస్తులో రాయలేదు, తర్వాత అటెస్టేషన్ ఫారంలో రాశాడు. ఎంపిక రద్దయింది. కుర్రతనంలో చేసిన పనికి జన్మంతా ముద్ర వేయకూడదని 2011లో సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. రెండేళ్లు దాటాక 2013లో మెహర్ సింగ్ కేసు వచ్చింది. అతను కేసు సంగతి దాచలేదు, రాజీతో విడుదలయ్యాడు కూడా. అయినా పోలీసు శాఖ వద్దంది, కోర్టు ఆ శాఖనే సమర్థించింది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని తేల్చింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మామూలు మనిషికి తల తిరగక మానదు.

2016 జులైలో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఈ ముడి విప్పడానికి కూర్చుంది. అది చెప్పిన దాని సారం ఇది. ఫారంలో నిజమే రాయాలి. దాచినా, కేసు నినాదాలు చేయడం లాంటి చిన్నదైతే యజమాని చూసీచూడనట్టు వదిలేయవచ్చు. పెద్ద కేసైతే రద్దు చేయవచ్చు. నిజం రాసినా అభ్యర్థి పూర్వాపరాలు తూచుకునే అధికారం యజమానికి ఉంటుంది. కేసు ఉన్న సంగతే అభ్యర్థికి తెలియకపోతే, నేర తీవ్రతను బట్టి నిర్ణయించాలి. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, అడగని దానికి దాచాడనకూడదు. నా మట్టుకు వీటన్నిటిలో ఆ చివరి మాటే విలువైనది. మూడు ప్రశ్నలు ఒకే గడిలో కుక్కిన ఫారాలు చూశాక అలా అనిపిస్తుంది. 2022లో పవన్ కుమార్ అనే ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కేసులో కోర్టు ఇంకొంచెం ముందుకెళ్లి, దాచాడన్న ఒక్క కారణంతో కన్నుమూసుకుని తీసేయడం కుదరదంది.

మన ప్రాంతానికి మరో బరువు కూడా ఉంది. తెలంగాణ ఉద్యమంలో విద్యార్థుల మీద కేసులు పడ్డాయి. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఉద్యమ కేసుల ఎత్తివేతకు పూనుకుంది. కానీ ఎత్తివేత ఉత్తర్వుతోనే కేసు ముగియదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో అర్జీ వేయాలి, జడ్జి ఒప్పుకోవాలి. పట్టాల మీద కూర్చున్న కేసు రైల్వే చట్టం కిందిది, కేంద్రం అనుమతి లేకుండా కదలదు. ‘సర్కారు ఎత్తేసిందట’ అన్న మాటను నమ్మి ఫారం నింపకూడదు.

హైదరాబాద్ ఐటీ కంపెనీలది వేరే దారి. అక్కడ ఎక్కువగా చూసేది పాత ఉద్యోగం తేదీలు, పట్టా, పీఎఫ్ నంబరు. ఆఫర్ లెటర్‌లోనే ‘వెరిఫికేషన్‌కు లోబడి’ అని ఒక వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు. డబ్బులు తీసుకుని ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చే బోర్డు తిప్పేసే కంపెనీలు పీఎఫ్ ఖాతా (యూఏఎన్) చరిత్ర ముందు నిలవవు. అలాంటి ఉత్తుత్తి కంపెనీల లెటర్లతో చేరినవాళ్లను పంపించేశామని 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా బాహాటంగానే చెప్పింది. నిజాయితీగా పనిచేసినవాడికి మాత్రం పాత కంపెనీ మూతపడి, ఫోనెత్తే దిక్కు లేకపోవడమే కష్టం. అప్పుడు జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 కొంత ఆదుకుంటాయి.

మళ్లీ మన పిల్లవాడి దగ్గరికి వద్దాం. ఫారం రాకముందే అతను చేయగలిగిన పనులున్నాయి. ఈ-కోర్ట్స్ సైటులో జనగామ కోర్టులను ఎంచుకుని పేరుతో వెతకవచ్చు. పేరు అక్షరాలు రెండు మూడు రకాలుగా మార్చి చూడాలి, ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. నర్మెట్ట స్టేషన్ నుంచి ఎప్పుడైనా నోటీసు వచ్చిందా అని నాన్నను నిలదీసి అడగాలి. పెట్టె అడుగున దాచిన కాగితం కొడుకు భవిష్యత్తును కాపాడదు. కేసు దొరికితే క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు, ముగిసిన తేదీ నాలుగూ గడిలో రాసి, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. గడి చాలకపోతే విడి కాగితం పెట్టాలి. అప్పటికే ‘లేదు’ అని రాసి ఇచ్చేసి ఉంటే, వెరిఫికేషన్ వాళ్లు కనిపెట్టేలోపే సవరణ కోరుతూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. షోకాజ్ నోటీసు వస్తే గడువు దాటకముందే జవాబివ్వాలి. రద్దు ఉత్తర్వులో కారణాలు లేకుండా, కేసు స్వభావం తూచకుండా రెండు ముక్కల్లో తేల్చేసి ఉంటే, హైకోర్టులో రిట్ వేయడానికి వకీలు మొదట పట్టుకునేది ఆ రెండు ముక్కలనే.