కొలోన్‌లో కూలిన గుడి మీద మ్యూజియం

ఈ వేసవి సెలవులకు మేము జర్మనీ వెళ్ళి వచ్చామని తెలిసి, కొలోన్ గురించి నాలుగు మాటలు వ్రాయమని మన మిత్రులు అడిగారు. ఆ ఊరనగానే అందరూ చెప్పేది 157 మీటర్ల ఎత్తున్న పెద్ద చర్చి. 1248లో మొదలై 1880లో పూర్తయిన ఆ కట్టడాన్ని మేమూ మెడలు నొప్పి పుట్టేదాకా చూశాము. కాని వ్రాయదలచింది అక్కడికి పది నిమిషాల నడకలో వున్న కొలుంబా మ్యూజియం గురించి.

ముందు ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. బయలుదేరడానికి వారం ముందు ఊరినుంచి బాబాయిగారు ఫోను చేశారు. శివాలయం ముఖమండపంలో రెండు స్తంభాలు ఒరిగాయట. "మొత్తం తీయించి స్లాబు వేద్దామంటోంది కమిటీ. బహ్రెయిన్‌లో మనవాళ్ళు నాలుగిళ్ళవాళ్ళున్నారు కదా, మీరంతా తలా ఒక చెయ్యి వేయాలి" అన్నారు. అలాగే బాబాయ్ అనేశాము.

కొలుంబా కొలోన్ ఆర్చిబిషప్ పీఠం వారి మ్యూజియం. సంస్థ 1853 నాటిది. ఇప్పటి భవనం 2007 సెప్టెంబరు 14న తెరిచారు. ఆ స్థలంలో వుండిన సెయింట్ కొలుంబా చర్చి రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైంది. మేరీమాత రాతివిగ్రహం మాత్రం మిగిలింది. దాని కోసం గాట్‌ఫ్రీడ్ బోమ్ అనే వాస్తుశిల్పి 1950లో ఆ శిథిలాల మధ్యే చిన్న ప్రార్థనామందిరం కట్టారు. 1970లలో త్రవ్వితే అడుగున రోమనుల కాలపు గోడలు కూడా బయటపడ్డాయి.

తరువాత పీటర్ జుమ్‌తోర్ అనే స్విస్ వాస్తుశిల్పి వీటిలో దేన్నీ తీసివేయలేదు. కూలిన గోడల మీదనే బూడిదరంగు సన్నటి ఇటుకలు పేర్చుకుంటూ పైకి లేపారు. కొత్త ఇటుక ఎక్కడ మొదలైందో, పాత రాయి ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది. పైభాగంలో ఇటుకల నడుమ కన్నాలు వదిలారు. వాటిలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా శిథిలాల మీద పడుతుంది. మనం వంకర టింకరగా పోయే చెక్క వంతెన మీద నడుస్తూ క్రిందికి చూడాలి.

పై అంతస్తులలో 15వ శతాబ్దపు స్టెఫాన్ లోఖ్నర్ చిత్రించిన మేరీమాత, ఆ ప్రక్కగదుల్లో నేటి కళాకారుల పనులు కలిపి పెడతారు. ఏ బొమ్మ ప్రక్కనా పేరు చీటీ లేదు; చిన్న పుస్తకం చేతికిస్తారు. "పేర్లు లేకపోతే ఎలా తెలుస్తుంది?" అని మా అబ్బాయి కాసేపు గునిశాడు. అమ్మాయి మాత్రం పుస్తకం తెరవకుండానే ఒక్కొక్క బొమ్మ ముందూ నిలబడింది.

అందరికీ ఇది నచ్చిందనలేము. బోమ్‌గారికి తన మందిరం కొత్త గోడల మధ్య చిక్కుకోవడం ఇష్టం కాలేదు. ఆయన బాధలోనూ న్యాయముంది. పాతదాన్ని కాపాడడం కూడా దాన్ని కొంత మార్చడమే కదా!

తిరిగి వచ్చాక ఒక శుక్రవారం ముహర్రఖ్ వెళ్ళాము. 2012లో యునెస్కో జాబితా కెక్కిన ముత్యాల బాటకు ప్రవేశభవనం కట్టినది కూడా ఈ జుమ్‌తోర్‌గారే. అక్కడా పాత కట్టడపు శిథిలాలను వుంచి, వాటి మీద పెద్ద కాంక్రీటు కప్పు నిలిపారు. ఇన్నాళ్ళూ ఆ సూక్ ప్రక్కనుంచే బంగారం కొనడానికి వెళుతూ లోపలికి తొంగి చూడలేదు!

మన దేశంలో మాత్రం లేదా? శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళు విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. గుడినంతా కదిలించగలిగినవాళ్ళకు రెండు స్తంభాలు సరిచేయడం చేతకాదా అనిపించింది.

బాబాయిగారికి ఫోను చేశాము. "జర్మనీ చూసొచ్చి మాకు పాఠాలా? వానకు కారుతుంటే పూజారి ఎక్కడ నిలబడతాడు?" అని కోప్పడ్డారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. పైన తాత్కాలికంగా రేకులు వేయించడానికి వెంటనే డబ్బు పంపుతామన్నాము; కార్తీకం వరకు మండపం ముట్టుకోవద్దని బ్రతిమాలాము. నాలుగిళ్ళలో మూడిళ్ళవారు మాతో ఏకీభవించారు. నాలుగోవారు స్లాబుకే ఇస్తామన్నారు. చివరకు బాబాయిగారు "సరే, కార్తీకం దాకా చూస్తాం" అన్నారు.

కొలోన్ వెళ్ళేవారికి ఒక మాట: కొలుంబాకు మంగళవారం సెలవు. సెప్టెంబరులో కొత్త ప్రదర్శన మొదలయ్యే ముందు కొన్ని వారాలు మూస్తారు కూడా, కనుక్కుని వెళ్ళండి. అలాగే రాతి మండపాలు విప్పి తిరిగి నిలబెట్టే స్థపతి ఎవరైనా మన సభ్యులకు తెలిసివుంటే దయచేసి మాకు చెప్పండి. కార్తీకం ఎంతో దూరంలో లేదు.