ఎదురుగాలిని నెగ్గే తాడు

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలాన ఇప్పటి హైదరాబాద్ ఉన్న చోట నిర్మించిన హుస్సేన్ సాగర్ చెరువు నేడు తెరచాప పడవల పందేలకు పేరుపొందింది. అక్కడి హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో ప్రధానంగా కనిపించే లేజర్ పడవకు కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ 1969లో రూపకల్పన చేయగా, అది 1971లో మార్కెట్‌లోకి వచ్చి, 1996 నాటికి ఒలింపిక్స్‌కు చేరింది. సుమారు 4.2 మీటర్ల పొడవు, 7 చదరపు మీటర్ల చాప గల ఈ పడవను ఒక్కరే నడుపుతారు.

ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు సాగలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ గమ్యం చేరుతుంది. చాప లాగే బలంలో కొంత పడవను ముందుకు నడిపితే, మిగిలింది పక్కకు నెట్టి ఒరిగిస్తుంది. పక్కకు జారకుండా సెంటర్‌బోర్డు అనే పలక నీటిలోకి దిగి అడ్డుకుంటుంది. గాలి వేగం రెట్టింపైతే చాపపై బలం నాలుగు రెట్లవుతుంది కనుక, 10 నాట్ల గాలిలో హాయిగా నడిచిన పడవ 20 నాట్లలో బోల్తా పడబోతుంది.

అప్పుడు నావికుడు అంచుకు ఆవలికి వాలి తన బరువుతో పడవను నిలుపుతూనే చాప పొట్టను తగ్గిస్తాడు. చాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ అనే దండాన్ని వ్యాంగ్ అనే తాడు కిందికి లాగితే చాపను నిలిపే స్తంభం వంగి చాప చదునవుతుంది. కన్నింగ్‌హామ్ అనే మరో తాడు చాప ముందంచును బిగించి, పొట్టను ముందుకు జరిపి, పైభాగం నుంచి అదనపు గాలిని జారవిడుస్తుంది.

ఈ అమరికంతా తాడు సాగకపోతేనే నిలుస్తుంది. ఉధృతమైన గాలికి తాడు సాగితే, చాప చదునుగా ఉండవలసిన క్షణంలోనే ఉబ్బి పడవను మరింత ఒరిగిస్తుంది. అందుకే ఎక్కువగా సాగే నైలాన్ ఇక్కడ పనికిరాదు. నెదర్లాండ్స్‌లోని డీఎస్‌ఎం సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా రూపొందించిన డైనీమా, అతి పొడవైన పాలిథిలీన్ అణువులను ఒకే దిశలో వరుసగా పేర్చిన పోగు కావడం వల్ల, చాలా తక్కువ సాగుతుంది; అది నీటిపై కూడా తేలుతుంది. అయితే దాని నునుపుకు ముడి జారవచ్చు. పైగా ఏ తాడుకైనా ముడి దగ్గర బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. కాబట్టి కొసను తాడులోకే చొప్పించి అల్లడం మేలు.

గట్టి గాలికి బయలుదేరే ప్రతి నావికుడూ ముందుగా కప్పీల దగ్గర ఒరుసుకునే తాళ్లను వేళ్లతో తడిమి, పోగులు లేచినవాటిని మార్చుకోవాలి.