నష్టపరిహారం: దయా? హక్కా?

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఒకప్పుడు బండరాళ్లు, పొదలు తప్ప మరేమీ కానరాని మాదాపూరు ప్రాంతంలో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాలలో మేడ మీద మేడ లేస్తూనే ఉన్నది. ఆ మేడలలో కూర్చుండి పనిచేసేవారిని గురించి పత్రికలలో ఎన్నో వ్రాతలు వచ్చినవి. ఆ మేడలను కట్టిన చేతులను గురించి వచ్చినవి తక్కువ. పాలమూరు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహారు రాష్ట్రాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తాపీ పనివారు, సెంట్రింగు పనివారు, ఇనుప చువ్వలు కట్టేవారు, ఇసుక మోసే స్త్రీలు ఎందరో అక్కడ ఉన్నారు. వీరిలో ఒకరు పరంజా మీది నుండి పడినప్పుడు ఏమి జరుగుతున్నది? ఏమి జరగవలెను? ఈ రెండు ప్రశ్నల నడుమ ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

మూడు సంవత్సరాల క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు స్టాఫ్ రూములో మమ్ములను కలిశాడు. అతని తండ్రి ఆ ప్రాంతంలోనే ఒక భవనంలో సెంట్రింగు పలకలు విప్పుతూ మూడవ అంతస్తు నుండి జారిపడినాడు. వెన్నుపూస దెబ్బతిన్నది. మేస్త్రీ కొన్నాళ్లు ఆసుపత్రి ఖర్చు భరించి, చివరకు చేతిలో యాభై వేల రూపాయలు పెట్టి, "ఇక నాకు ఏ బాకీ లేదు" అని వ్రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకొని, ఊరికి బస్సు ఎక్కించినాడు. "సార్, మా నాయిన వేలుముద్ర ఏసిండు. ఇగ అడగనీకి ఏం లేదా?" అని ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మా చెవులలో నేటికీ మ్రోగుతున్నది. మేము చదివినది తెలుగు సాహిత్యం గాని న్యాయశాస్త్రం కాదు. అయినా న్యాయవాదులైన మిత్రులను అడిగి, చట్టాల పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్న సంగతులను విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

మొట్టమొదట గ్రహించవలసినది ఒక్కటే. పనిలో గాయపడిన కార్మికునికి లభించే పరిహారం యజమాని దయ మీద ఆధారపడినది కాదు, అది హక్కు. ఆ హక్కు మన దేశంలో నూరేండ్లు దాటినది. 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చినది. 2010లో దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారినది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చిన పిమ్మట, ఆ నియమాలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఒక అధ్యాయంగా చేరినవి. పేర్లు మారినవి గాని మూలసూత్రం మారలేదు. పని వలన, పని చేస్తుండగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం చెల్లించవలెను. యజమాని తప్పు ఉన్నదని కార్మికుడు నిరూపించనక్కరలేదు.

ఈ చివరి మాట మిక్కిలి విలువైనది. "నీవే చూచుకొనక పడినావు" అని మేస్త్రీ అనగానే పేదవాడు తల వంచుకొంటాడు. చట్టం దృష్టిలో అజాగ్రత్త ఒక్కటే పరిహారాన్ని పోగొట్టదు. మద్యం మత్తులో ఉండుట, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించుట, రక్షణ సాధనాన్ని కావాలని తీసివేయుట వంటి కారణాలను యజమాని చూపవచ్చును. ఆ గాయమే మరణానికో శాశ్వత సంపూర్ణ వైకల్యానికో దారితీసినప్పుడు ఆ వాదములు కూడా చెల్లవు.

"నేను అడ్డా మీది కూలీని, నాకు యజమాని ఎవరు?" అని అడిగేవారున్నారు. తాత్కాలిక కూలీలను వెలుపల ఉంచిన పాత నియమాన్ని 2000 సంవత్సరపు సవరణ తొలగించినది. ఇక మేస్త్రీ వెనుక గుత్తేదారు, గుత్తేదారు వెనుక నిర్మాణ సంస్థ ఉండుట ఈ రంగంలో పరిపాటి. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చిన ప్రధాన యజమాని నుండే కార్మికుడు పరిహారం కోరవచ్చును. ఆ సొమ్మును అతడు గుత్తేదారు నుండి తరువాత రాబట్టుకొనవచ్చును. మేస్త్రీ ఫోను ఆపుకొని మాయమైనంత మాత్రాన హక్కు మాయం కాదు.

పరిహారం ఎంత? చట్టంలో వయస్సును బట్టి గుణకాల పట్టిక ఉన్నది. మరణం సంభవిస్తే నెల వేతనంలో సగాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యం కలిగితే 60 శాతాన్ని ఆ గుణకంతో హెచ్చవేయవలెను. లెక్కకు తీసుకొనే నెల వేతనానికి 2020 జనవరి 3న కేంద్ర ప్రభుత్వం 15,000 రూపాయల పరిమితి విధించినది. ఈ పరిమితి మారే అవకాశం ఉన్నందున దరఖాస్తు వేసే ముందు విచారించుకొనుట మంచిది. ముప్పది ఏండ్ల వయస్సుకు గుణకం 207.98. ఆ వయస్సు వాడు, 15,000 వేతనం గలవాడు మరణిస్తే 7,500ను 207.98తో హెచ్చవేయగా 15,59,850 రూపాయలు వస్తుంది. శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోతే 18,71,820 రూపాయలు. చేతి బొటనవేలు పూర్తిగా పోతే పట్టిక ప్రకారం 30 శాతం నష్టం. అనగా 5,61,546 రూపాయలు. కొద్దికాలం మాత్రమే పని చేయలేని స్థితిలో ఉంటే, వేతనంలో నాలుగవ వంతు పదిహేను రోజులకొకసారి అందవలెను. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు వేరుగా రావలెను. ఈ అంకెల ప్రక్కన మా విద్యార్థి తండ్రి చేతిలో పెట్టిన యాభై వేలను ఉంచి చూడండి!

గాయం పట్టికలో చిన్నదిగా కనిపించినా ఆ మనిషి వృత్తికి అది పెద్దది కావచ్చును. 1968లో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చేయి తీసివేయవలసి వచ్చినది. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించినాడు. ఒంటిచేత్తో వడ్రంగి పని సాగదు కనుక అతని సంపాదనా శక్తి నూటికి నూరుపాళ్లు పోయినట్లేనని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. పరిహారం బాకీపడేది ప్రమాదం జరిగిన నాటి నుండియే గాని తీర్పు వచ్చిన నాటి నుండి కాదని కూడా ఆ తీర్పు స్థిరపరచినది. నెల రోజులలో చెల్లించని యజమాని 12 శాతం వడ్డీ ఇవ్వవలెను. జాప్యానికి తగిన కారణం లేకుంటే పరిహారంలో సగం వరకు అదనపు మొత్తం కూడా విధించవచ్చును.

ఇప్పుడు ఆ వేలిముద్ర సంగతి. చట్టం ఇచ్చిన పరిహారాన్ని వదులుకొన్నట్లు వ్రాయించుకొన్న ఒప్పందం చెల్లదు. ఒకేసారి ఇంత మొత్తమని రాజీ కుదిరితే ఆ పత్రాన్ని అధికారి వద్ద నమోదు చేయించవలెను. ఆయన అది న్యాయమైనదేనా అని విచారిస్తారు. నమోదు కాని రాజీ యజమానిని కాపాడదు. పూర్తి పరిహారం అతడు ఇవ్వవలసినదే. అధికారి మరొక విధంగా ఆదేశిస్తే తప్ప, ముందు ఇచ్చిన సొమ్ములో సగానికి మించి తగ్గించుకొనే వీలు కూడా అతనికి లేదు. మరణం జరిగినప్పుడు నియమం మరింత కఠినం. పరిహారాన్ని అధికారి వద్దనే జమ చేయవలెను. శవాగారం గుమ్మంలో అన్నదమ్ముల చేతిలో పెట్టిన నోట్లకట్ట, స్వల్పమైన బయానా మేరకు తప్ప, చట్టప్రకారం చెల్లింపు కాదు. వితంతువుకు ఎంత, బిడ్డలకు ఎంత అని పంచేది అధికారియే.

హక్కు ఉన్నంత మాత్రాన ఫలం చేతికి రాదు. రుజువులు కావలెను. అతడు అక్కడ పనిచేసినాడని, ప్రమాదం ఆ పనిలోనే జరిగినదని, కూలి ఇంత అని మూడు సంగతులు తేలవలెను. మేము విన్న కేసులలో పెక్కు ఈ మెట్టు దగ్గరనే తడబడినవి. ఆసుపత్రిలో మొదటి చీటీ మీద "ఇంటి వద్ద జారిపడెను" అని వ్రాయించే మేస్త్రీలున్నారు. ఆ ఒక్క వాక్యం తరువాత కొండంత అడ్డు అవుతుంది. కనుక "పని స్థలంలో పడినాడు" అని వైద్యునికి స్పష్టంగా చెప్పి వ్రాయించవలెను. గేటు పాసు, హాజరు పట్టీ ఫోటో, ఫోను ద్వారా అందిన కూలి వివరాలు, తోటి పనివారి పేర్లు, నిర్మాణ స్థలం ముందున్న బోర్డు ఫోటో భద్రపరచవలెను. మా విద్యార్థి తండ్రి విషయంలో చివరకు ఆదుకొన్నవి గేటు పాసు, ఫోనులోని చెల్లింపుల జాబితా. దరఖాస్తు వేయగలిగినాము; తీర్పు ఇంకా రావలసి ఉన్నది.

దరఖాస్తు ఎక్కడ వేయవలెను? ఈ బాధ్యతను కార్మిక శాఖ అధికారులు నిర్వహిస్తున్నారు. ఆ శాఖ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఆర్.టి.సి. చౌరస్తా వద్ద టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉన్నది. కార్మిక నాయకుడుగా ఎదిగి ముఖ్యమంత్రి అయిన వ్యక్తి పేరు దానికి తగినదే. ప్రమాదం జరిగిన చోటనే కాక, బాధితుడో అతని కుటుంబమో నివసించే ప్రాంతపు అధికారి వద్ద కూడా దరఖాస్తు వేయవచ్చును. శ్రీకాకుళం వితంతువు మాటిమాటికి మాదాపూరు రానక్కరలేదు. గడువు రెండు సంవత్సరాలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా ఉన్నది. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం క్రింద ఉచిత సహాయం లభిస్తుంది. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

మరి కొన్ని మార్గాలు కూడా కలవు. ఇ.ఎస్.ఐ. పథకం క్రింద ఉన్న కార్మికునికి వైద్యం, వైకల్యపు భత్యం ఆ సంస్థయే ఇస్తుంది. అట్టివారు యజమాని నుండి ఈ పరిహారం కోరజాలరు. 18 నుండి 60 ఏండ్ల వయస్సు లోపల ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణపు పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యులు కావచ్చును. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే సెస్సు ఆ మండలికి ఆధారం. మండలి ఇచ్చే సహాయం యజమాని బాధ్యతకు బదులు కాదు. యజమాని నిర్లక్ష్యం కనిపించినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. నిర్లక్ష్యంతో మరణానికి కారణమగుట, కట్టడాలు కట్టుటలో నిర్లక్ష్యం చూపుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలు. క్రిమినల్ కేసు, పరిహారపు దరఖాస్తు రెండూ ఒకేసారి నడువవచ్చును. సివిల్ కోర్టులో దావా వేయుట మరొక మార్గం గాని అందులో యజమాని తప్పును నిరూపించవలెను. పైగా అదే గాయానికి రెండు చోట్లా కోరరాదు; ఒకదానిని ఎంచుకొనవలెను.

2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో కట్టుబడిలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. 2024 మే 7న బాచుపల్లిలో భారీ వర్షానికి గోడ కూలి, షెడ్లలో ఉన్న వలస కూలీల కుటుంబాలలో ఏడుగురు మరణించారు. వారిలో ఒక పసిబాలుడు కూడా ఉన్నాడు. ఇట్టి ఘోరాలు జరిగినప్పుడు మంత్రులు వస్తారు, ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది. అది ప్రభుత్వపు దయ. యజమాని బాకీని అది తీర్చదు. ఒక్కరే పడి, ఒక్కరే చనిపోయిన చోటికి ఆ మంత్రులూ రారు, ఆ ప్రకటనా రాదు. అక్కడ చట్టం తప్ప దిక్కు లేదు. ఆ చట్టం తనంత తాను నడిచి రాదు. ఎవరో ఒకరు అర్జీ వ్రాయవలెను.

ఆ ఎవరో మన విద్యార్థులు ఎందుకు కారాదు? హక్కు, అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, హాజరు అనే మాటలన్నీ ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చి మన ఇంటి మాటలైనవి. ఈ కళాశాలలో ఆ రెండు భాషలూ ఒకే కప్పు క్రింద ఉన్నవి. బీహారు నుండి వచ్చిన కూలీ చెప్పే మాటను ఉర్దూ శాఖ విద్యార్థి వినగలడు. దానిని తెలుగు శాఖ విద్యార్థి అర్జీగా వ్రాయగలడు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ప్రతి ఆదివారం ఒక గది, ఒక బల్ల, ఒక న్యాయవాది మిత్రునికి ఒక కుర్చీ ఇప్పించండి. ఖర్చు స్వల్పం. వేలిముద్ర వేసిన తండ్రి కొడుకు మరొకడు "ఇగ అడగనీకి ఏం లేదా?" అని వచ్చినప్పుడు, "ఉన్నది నాయనా, కూర్చో" అని చెప్పగలుగుట మన చదువుకు సార్థకత అని మేము నమ్ముతున్నాము.