గూళ్లు లెక్కపెడితే చెరువు సంగతి తెలుస్తుంది
వీరాపురం కొంగలపై ఊరంతా కన్ను వేయాలి

చిలమత్తూరు: శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురం గ్రామానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. జనవరి మొదలు గుంపులుగా దిగి, ఊరి చింతచెట్లపై పుల్లలతో గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలు వచ్చాక వానాకాలంలో వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని చాలామంది అంటారు గాని అది సరికాదు. ఇవి మన దేశపు కొంగలే. నీరున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి.

కొంగలు వస్తే వానలు కురుస్తాయని, ఊరికి మేలు జరుగుతుందని గ్రామస్థుల నమ్మకం. ఆ నమ్మకమే ఇన్నాళ్లూ వాటిని కాపాడింది. అయితే రాబోయే వాన కంటే పోయిన వాన సంగతి ఇవి బాగా చెబుతాయి. క్రిందటి వానలకు చెరువులు నిండిన ఏడు గూళ్లు పెరుగుతాయి, ఎండిన ఏడు తగ్గుతాయి.

దీనికి కారణమున్నది. ఈ కొంగ లోతు నీటిలో వేటాడలేదు. మోకాలి లోతు నీటిలో నిలిచి, ముక్కు సగం తెరిచి ముంచి, తగిలిన చేపను పట్టుకుంటుంది. ఎండలు ముదిరి చెరువు కుదించుకుపోయే కొద్దీ చేపలు ఒకచోట చేరుతాయి. పిల్లలకు మేత కావలసింది సరిగ్గా అప్పుడే. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి మరి రెండు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు చుట్టుపక్కల చెరువుల్లో ఎంతో కొంత నీరు నిలవాలి. ముందే ఎండితే పిల్లలు ఆకలికి గూళ్లలోనే చస్తాయి.

కనుక వీటి సంఖ్యను కంటి అంచనాకు వదిలివేయరాదు. సగం కొంగలు మేతకు పోయి ఉంటాయి కాబట్టి లెక్కించవలసింది కొంగలను కాదు, గూళ్లను. ఏటా అదే తేదీన, అవే చెట్ల కింద నిలబడి లెక్కవేసి, నెల తర్వాత పిల్లలను లెక్కించాలి. ఒక్క ఏడు తగ్గితే జాతి నశించిందని బెంగపడనక్కరలేదు, వేరే ఊరికి మళ్లి ఉండవచ్చు. నాలుగేళ్లు వరుసగా తగ్గితే మాత్రం చెరువునైనా, చెట్లనైనా చూసుకోవలసిందే.

చెట్ల విషయంలో మరో చిక్కున్నది. చింతపండు రాల్చే రోజులూ, కొంగలు పొదిగే రోజులూ ఒకటే. పక్షుల కోసం కాయ దులపకుండా వదిలితే ఆ నష్టం రైతుదే. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో ఇటువంటి చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. చెట్టు రైతుకు బరువు కాకుంటేనే గొడ్డలికి దూరంగా ఉంటుంది.

వీరాపురం బడిలో ఒక నోటు పుస్తకం పెట్టి, ఏటా మార్చిలో గూళ్ల లెక్క, చెరువు నీటిమట్టం పక్కపక్కన రాయించితే ఖర్చు లేని పని. పూడిక తీయించమని అధికారులను అడిగేటప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యమవుతుంది.