గోడకు పెట్టిన తలుపు

రష్యా దేశంలో కొజెల్స్క్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఊరి పక్కన జీజ్ద్రా ఏరు. ఏరు దాటితే పైన్ చెట్ల అడవి. ఆ అడవి అంచున ఆప్తినా మఠం. అది ఆర్థడాక్స్ క్రైస్తవుల మఠం.

మఠానికి జనం వస్తూపోతూ ఉంటారు. ఒంటరిగా ప్రార్థన చేసుకునే సాధువులకు మరో చోటు కావాలి. అందుకని 1821లో కొంచెం లోపలికి, అడవిలో చెట్లు కొట్టి చిన్న చిన్న ఇళ్లు కట్టారు. చుట్టూ ప్రహరీ. ఆడవాళ్లు లోపలికి రాకూడదని కట్టుబాటు.

అక్కడ అమ్వ్రోసి అనే సాధువు ఉండేవాడు. సన్యాసం తీసుకోక ముందు ఆయన బడిపంతులు. ఎప్పుడూ జబ్బే. మంచం మీద పడుకునే మాట్లాడేవాడు. అయినా ఆయన మాట కోసం ఊళ్ల నుంచి జనం నడిచి వచ్చేవారు. వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మరి కట్టుబాటో? ఆయన ఇల్లు ప్రహరీని ఆనుకుని ఉంది. గోడకు బయటి వైపు ఒక తలుపు పెట్టారు. ఆడవాళ్లు అటు నుంచి వచ్చి తమ గోడు చెప్పుకునేవారు. కట్టుబాటూ పోలేదు, వచ్చినవాళ్లూ ఊరికే పోలేదు.

ఒకసారి ఒక పనిమనిషి ఏడుస్తూ వచ్చిందట. ఆమె మేపే టర్కీ కోళ్లు చచ్చిపోతున్నాయి. యజమానురాలు పనిలోంచి తీసేస్తానంటోంది. అక్కడున్నవాళ్లు నవ్వారు. కోళ్ల సంగతి సాధువుకు చెప్పడమేంటని! ఆయన మాత్రం నవ్వలేదు. మేత ఏం పెడుతున్నావని అడిగాడు. ఎలా మేపాలో చెప్పి పంపాడు. కోళ్లు పోతే ఆమె కూడు పోతుంది మరి.

1878లో దొస్తొయెవ్‌స్కీ అనే పెద్ద రచయిత వచ్చాడు. ఆయన కొడుకు మూడేళ్లయినా నిండకుండా మూర్ఛ వచ్చి చనిపోయాడు. తండ్రికీ మూర్ఛ జబ్బే. తన జబ్బే బిడ్డకు వచ్చిందని ఆయన కుమిలిపోయాడు. అమ్వ్రోసిని చూసి, కొంత ఊరటతో ఇంటికి వెళ్లాడు. అక్కడ విన్న ఓదార్పు మాటలను తర్వాత తన నవలలో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లికి చెప్పించాడు.

టాల్‌స్టాయ్ కథలు తెలుగులోనూ వచ్చాయి. ఆయన పెద్ద జమీందారు. 1881లో రైతు బట్టలు, నారచెప్పులు వేసుకుని ఇక్కడికి నడిచి వచ్చాడు. 1910లో 82 ఏళ్ల వయసులో ఇల్లు వదిలి మళ్లీ వచ్చాడు. సాధువుల ఇళ్ల గేటు దాకా వెళ్లాడు. లోపలికి వెళ్లలేదు. కొద్ది రోజులకే ఒక రైల్వే స్టేషనులో చనిపోయాడు.

అమ్వ్రోసి 1891లోనే పోయాడు. విప్లవం తర్వాత, 1923 నాటికి మఠం మూతపడింది. 1987లో దాన్ని తిరిగి సాధువులకు అప్పగించారు.